రోజుకు మూడు గ్యాలన్లా, వెయ్యి గ్యాలన్లా? సముద్రంలో కారిన చమురు అసలు లెక్క: ఒక కేస్ స్టడీ

ఉపగ్రహ చిత్రాల్లో చమురు తెట్టును గుర్తించి, అది ఎంత మేర పరుచుకుందో, అందులో ఎన్ని లీటర్ల చమురు ఉందో లెక్కగట్టడం నా పని. హనుమకొండలో కూర్చునే చేస్తాను. సముద్రం చూడాలంటే మచిలీపట్నమో బాపట్లో పోవాలి కానీ, చిత్రాలు ఇంటికే వస్తాయి. ఆదివారాలు కాకతీయ యూనివర్సిటీ నుంచి, నిట్ నుంచి కొందరు విద్యార్థులు ఈ పని నేర్చుకోవడానికి వస్తారు. వాళ్లతో నేను మొదట చేయించే కేసు అమెరికాలోని ఎంసీ-20. అంటే మిసిసిపి కాన్యన్ ఇరవయ్యో బ్లాకు, తుపానుకు కూలిన చమురు వేదిక కింది బావులు ఏళ్ల తరబడి కారిన సముద్రపు చోటు.

2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బీపీ కంపెనీ చమురు బావి పేలిన ప్రమాదం, అంటే డీప్‌వాటర్ హొరైజన్ గురించి అందరూ వినే ఉంటారు. దానితో పోలిస్తే ఎంసీ-20 చాలా చిన్నది. అయినా నేర్చుకునేవాళ్లకు ఇదే మంచి కేసని నా నమ్మకం. ఇక్కడ ఒకరు వేసిన లెక్క అసలు కంటే వందల రెట్లు తక్కువ వచ్చింది, ఇంకొకరిది పది రెట్లకు పైగా ఎక్కువ వచ్చింది. చివరికి కారుతున్న చమురును పట్టి కొలిచారు కాబట్టి అసలు సంఖ్య ఎంతో దాదాపుగా తెలిసిపోయింది. మా పనిలో అలా జవాబు తెలిసే సందర్భాలు చాలా అరుదు.

ఏం జరిగింది

2004 సెప్టెంబరులో ఐవాన్ తుపాను గల్ఫ్ ఆఫ్ మెక్సికోను దాటింది. లూసియానా తీరానికి ఇరవై కిలోమీటర్ల లోపే, దాదాపు 140 మీటర్ల లోతు నీళ్లలో టేలర్ ఎనర్జీ అనే కంపెనీకి ఒక చమురు వేదిక ఉండేది. అలల దెబ్బకు సముద్రం అడుగున బురద జారింది. వేదిక కూలి, ఉన్న చోటు నుంచి వందల అడుగుల దూరం కొట్టుకుపోయింది. పాతిక దాకా బావుల గొట్టాలు వంగిపోయి, పదుల అడుగుల బురద కింద పడ్డాయి. మూతలు ఎక్కడున్నాయో కనబడకపోతే బావి మూయడం కుదరదు. పక్క నుంచి కొత్త బావులు తవ్వి తొమ్మిదింటిని మూయగలిగారు. మిగతావి అలాగే ఉండిపోయాయి.

ఆరేళ్ల పాటు ఇది పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. 2010లో బీపీ ప్రమాదం జరిగినప్పుడు ఆ ప్రాంతాన్ని రోజూ గమనిస్తున్న పర్యావరణ సంస్థలకు, బీపీ బావికి సంబంధం లేని ఇంకో సన్నటి చార కనబడింది. ఆ చార ఎప్పుడు చూసినా అదే బిందువు దగ్గర మొదలయ్యేది. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ దీన్ని బయటపెట్టింది.

కంపెనీ వాదన ఇదీ: బావులు కారడం లేదు, తుపాను నాడు బురదలో ఇంకిన పాత చమురే కొద్దికొద్దిగా పైకి వస్తోంది, అది రోజుకు మూడు గ్యాలన్లు కూడా ఉండదు. మూడు గ్యాలన్లంటే పదకొండు లీటర్ల చిల్లర. మనింట్లో ఒక బకెట్టు కూడా నిండదు.

గోలెంలో ఒక చుక్క

ఆ సంఖ్య నమ్మదగినదా కాదా అని తేల్చడానికి రహస్య సమాచారం ఏదీ అక్కర్లేదు. తెట్టు రంగు చూడడం వస్తే చాలు. అది పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు. అందుకే విద్యార్థులను కాజీపేటలో నాకు తెలిసిన మెకానిక్ అన్న షెడ్డుకు తీసుకుపోతాను. అక్కడ మీటరు వెడల్పున్న సిమెంటు గోలెం ఒకటి ఉంది. నీళ్లు నింపి, గాలి తగలకుండా పక్కన రేకు అడ్డం పెడతాం. మెడికల్ షాపులో దొరికే ఇన్సులిన్ సిరంజి, నలభై యూనిట్లకు ఒక మిల్లీలీటరు వచ్చేది, తీసుకుని ఇంజన్ నుంచి తీసిన పాత ఆయిలు రెండు యూనిట్లు ఎక్కిస్తాం. అంటే ఒక చుక్క, మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు.

ఆ చుక్క నీటిని తాకగానే నల్లగా ఒక క్షణం ఆగి, చప్పున విచ్చుకుంటుంది. చూస్తుండగానే గోలెం అంతా వెండి తళుకు కమ్ముతుంది. నిలువుగా చూస్తే కనబడదు, తల వంచి ఏటవాలుగా చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు లెక్క వేయాలి. గోలెం వైశాల్యం 0.785 చదరపు మీటర్లు. చుక్కను అంత మేర సమంగా పరిస్తే పొర మందం 0.06 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను, దానిలో ఇది ఆరు శాతం. ఇంకో ఎనిమిది యూనిట్లు కలిపితే మొత్తం పావు మిల్లీలీటరు, మందం 0.3 మైక్రాన్ల చిల్లర. అక్కడ ఊదా, పచ్చ, గులాబీ రంగులు మొదలవుతాయి, వాన పడ్డ రోజు పెట్రోలు బంకు ముందు కనబడేలాంటివి.

విమానం నుంచి తెట్టును చూసేవాళ్లు వాడే, సముద్ర కాలుష్యంపై యూరప్ దేశాలు చేసుకున్న బాన్ ఒప్పందపు రంగుల పట్టికలో ఉన్నది ఇదే. వెండి తళుకైతే 0.04 నుంచి 0.3 మైక్రాన్లు, ఇంద్రధనుస్సు రంగులైతే 0.3 నుంచి 5, లోహపు మెరుపైతే 5 నుంచి 50. అక్కడక్కడా చమురు అసలు రంగే కనబడితే 50 నుంచి 200, విడవకుండా నల్లగా పరుచుకుంటే 200 పైన. గోలెంలో కళ్లారా చూసిన పిల్లలు ఈ పట్టికను మళ్లీ మర్చిపోరు. పని అయ్యాక ఆ ఆయిలును దూది వేస్టుతో ఎత్తి, మెకానిక్ అన్న డబ్బాలోనే వేస్తాం. మోరీలో పోయనివ్వం.

పదకొండు లీటర్లతో ఎంత సముద్రం కప్పవచ్చు

గుర్తు పెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. చదరపు కిలోమీటరు మేర ఒక మైక్రాను మందం ఉంటే అది ఒక ఘనపు మీటరు, అంటే వెయ్యి లీటర్లు.

కంటికి కనబడే అతి పలచని పొర 0.04 మైక్రాన్లు. పదకొండు లీటర్లను అంత పలచగా పరిచినా చదరపు కిలోమీటరులో మూడో వంతు కూడా నిండదు. పది కిలోమీటర్ల పొడవు, అర కిలోమీటరు వెడల్పున్న తెట్టు కనబడిందనుకుందాం. ఇవి నేను లెక్క కోసం తీసుకున్న కొలతలు. ఎంసీ-20 దగ్గర కిలోమీటర్ల పొడవు చారలు కనబడడం మామూలే కాబట్టి దగ్గరగానే ఉంటాయి. ఐదు చదరపు కిలోమీటర్లు, మొత్తం అతి పలచనిదే అనుకున్నా రెండు వందల లీటర్లు నీటి మీద ఉన్నట్టు. రోజుకు పదకొండు లీటర్లే కారుతుంటే అంత పోగవడానికి రెండున్నర వారాలు పడుతుంది, ఆ రెండున్నర వారాలూ మొదటి రోజు పడ్డ చమురు చెక్కుచెదరకుండా ఉండాలి. అంత పలచటి పొర గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో ఆవిరయ్యో అలలకు చెదిరో పోతుంది. కంపెనీ సంఖ్య అక్కడే వీగిపోయింది.

ఇంకా బిగించి చూడవచ్చు. తెట్టు ఒకే బిందువు నుంచి పుడుతోంది, తోక ఎక్కడుందో చిత్రంలో కనబడుతోంది. పైనీరు కదిలే వేగం తెలిస్తే తోక వయసు తెలుస్తుంది. చమురు ప్రవాహంతో పాటు పోతుంది, దానికి గాలి వేగంలో దాదాపు మూడు శాతం తోడవుతుంది. మొత్తం కలిపి సెకనుకు 30 సెంటీమీటర్లు అనుకుంటే పది కిలోమీటర్లు పోవడానికి తొమ్మిది గంటల పైచిలుకు. అంటే ఆ రెండు వందల లీటర్లు తొమ్మిది గంటల్లో వచ్చినవి, రోజుకైతే ఐదు వందలకు పైనే. అన్నీ కంపెనీకి అనుకూలంగా అనుకుంటూ వచ్చినా వాళ్లు చెప్పినదానికి నలభై ఐదు రెట్లు తేలింది.

విద్యార్థులు ఇక్కడికి రాగానే కేసు అయిపోయిందనుకుంటారు. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది.

అవతలి వైపు పొరపాటు

2018లో అమెరికా న్యాయశాఖ కోసం ఒక నిపుణుడు ఉపగ్రహ చిత్రాలు, క్షేత్ర పరిశీలనలు కలిపి చేసిన అంచనా కోర్టుకు వచ్చింది. రోజుకు 250 నుంచి 700 బ్యారెళ్లు. బ్యారెల్‌కు 159 లీటర్లు, కాబట్టి నలభై వేల నుంచి లక్షా పదకొండు వేల లీటర్లు. దేశమంతా అదే పత్రికలకెక్కింది. తర్వాత చమురును పట్టి కొలిస్తే అందులో పదో వంతు కూడా రాలేదు.

చిత్రం చదవడం వచ్చినవాళ్లకు ఇది ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది. ఏ తెట్టూ సమంగా పరుచుకోదు. అదే ఐదు చదరపు కిలోమీటర్ల తెట్టులో ఒక్క శాతం చోట యాభై మైక్రాన్ల ముద్ద ఉండి, మిగతాదంతా 0.1 మైక్రాను తళుకు అనుకుందాం. ఆ ఒక్క శాతంలో రెండున్నర వేల లీటర్లు, మిగతా తొంభై తొమ్మిది శాతంలో ఐదు వందలు. ఆరింట ఐదు వంతుల చమురు ఆ ఒక్క శాతంలోనే ఉంది. ముద్ద హద్దు గీసేటప్పుడు ఒక్క శాతాన్ని మూడు చేస్తే మొత్తం లెక్క దాదాపు మూడింతలవుతుంది. దాని మీద తెట్టు వయసును సగానికి తగ్గిస్తే ఐదింతలు దాటుతుంది. గీసిన మనిషిలో దురుద్దేశం ఏమీ లేకపోయినా ఇంత తేడా వస్తుంది. ఆ నిపుణుడి లెక్కలో ఇదే జరిగిందని నేను అనను. పైనుంచి చూసి వేసే ఏ లెక్కలోనైనా ఈ గుంత ఉంటుందని అంటున్నాను.

మన చెరువులు తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. శిఖం ఎన్ని ఎకరాల మేర నిండిందో గట్టు మీద నుంచి చెప్పవచ్చు, కానీ ఎన్ని నీళ్లున్నాయో తెలియాలంటే తూము దగ్గరి గేజీ చూడాలి.

రాడార్ చిత్రాలతో ఇంకో చిక్కు. నేను ఎక్కువగా వాడేది సెంటినెల్-1 అనే యూరప్ రాడార్ ఉపగ్రహం చిత్రాలు, ఉచితంగా దొరుకుతాయి, మబ్బులున్నా రాత్రయినా అది చూస్తుంది. చమురు నీటి మీది చిన్న అలలను అణిచేస్తుంది కాబట్టి అక్కడ చిత్రం నల్లబడుతుంది. పలచటి తళుకైనా, మందపాటి ముద్దయినా నలుపు దాదాపు ఒకటే. అంటే విస్తీర్ణం చెబుతుంది కానీ మందం చెప్పదు. గాలి సెకనుకు రెండు మూడు మీటర్ల కంటే తక్కువుంటే సముద్రమంతా నల్లగానే ఉంటుంది, పది పన్నెండు దాటితే అలలు తెట్టును చెదరగొట్టేస్తాయి. నాచు పెరిగినా, వాన పడినా తెట్టులాగే కనబడుతుంది. నేను విద్యార్థులకు ఆ రోజు గాలి ఎంతో చూడకుండా చిత్రం తెరవనివ్వను.

అడుగుకు దిగి కొలిచినవాళ్లు

2019లో అమెరికా ప్రభుత్వ సముద్ర వాతావరణ సంస్థ నోవా, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ కలిసి నివేదిక ఇచ్చాయి. వాళ్లు పై నుంచి చూడడం మానేసి చమురు పుట్టే చోటికే పరికరాలు దింపారు. ఒక పద్ధతిలో, అడుగు నుంచి లేచే చమురు, వాయువుల ధారను ధ్వని తరంగాలతో కొలిచారు. ఇంకో పద్ధతిలో పైకి లేస్తున్న బుడగలను, చుక్కలను కెమెరా ముందు నుంచి పోనిచ్చి, ఒక్కొక్కటి ఎంత పరిమాణంలో ఉందో, ఎంత వేగంతో పోతోందో చూసి లెక్కగట్టారు. వచ్చిన జవాబు రోజుకు 9 నుంచి 108 బ్యారెళ్లు.

దీన్ని చదివించినప్పుడు భూపాలపల్లి నుంచి వచ్చే అమ్మాయి ఒక మంచి ప్రశ్న వేసింది. వాళ్ల నాన్న సింగరేణిలో పని చేస్తారు, గ్యాస్ కొలవడం గురించి ఇంట్లో విని పెరిగిన పిల్ల. "బుడగలు వస్తున్నయంటే బావిదే అని ఎట్ల చెప్తం సార్? బురద కుళ్లినా మీథేన్ వస్తది కదా" అంది. సరిగ్గా కంపెనీ వాదన నిలబడింది కూడా ఆ సందు మీదే. పాత బురదలోంచి ఊరుతోందా, బావిలోంచి తాజాగా వస్తోందా?

దానికి జవాబు రసాయన పరీక్ష ఇస్తుంది. కుళ్లడం వల్ల పుట్టిన వాయువులో దాదాపు మొత్తం మీథేనే ఉంటుంది. లోతు రాళ్లలో వేడికి పుట్టినదాంట్లో ఈథేన్, ప్రొపేన్ కూడా చెప్పుకోదగ్గ పాళ్లలో ఉంటాయి, కార్బన్ ఐసోటోపుల (బరువు వేరైన కార్బన్ పరమాణువుల) పాళ్లూ వేరు. చమురైతే, ఏళ్ల తరబడి బురదలో ఉన్నదాన్ని సూక్ష్మజీవులు ముందు తేలిక భాగాల నుంచి తినేస్తూ వస్తాయి, కాబట్టి ఏది పాతదో తెలిసిపోతుంది. నోవా నివేదిక తేల్చింది ఏమిటంటే, వచ్చేది భూగర్భ నిల్వ నుంచి వస్తున్న తాజా చమురు, వాయువు. పాత మరక కాదు. నా దృష్టిలో ఎన్ని బ్యారెళ్లన్న సంఖ్య కంటే ఈ మాటే ముఖ్యం. పాతదైతే ఏదో ఒకరోజు అయిపోతుంది. బావిదైతే మూసేదాకా వస్తూనే ఉంటుంది.

పట్టి కొలిచాక

2018 చివర్లో అమెరికా కోస్ట్ గార్డ్, కూవిలియన్ గ్రూప్ అనే సంస్థకు పని అప్పగించింది. వాళ్లు చమురు లేచే చోటు మీద గొడుగులా మూసే కట్టడం దింపి, చమురును, వాయువును వేరు చేసి నిల్వ చేసే ఏర్పాటు చేశారు. 2019 ఏప్రిల్ నుంచి అది పనిచేస్తోంది. ఓడ వచ్చి ఎప్పటికప్పుడు తోడుకుపోతుంది. పట్టినది రోజుకు దాదాపు వెయ్యి గ్యాలన్లు, అంటే 24 బ్యారెళ్ల దాకా, 3,800 లీటర్లు. 2021 చివరికి పట్టిన చమురు 8 లక్షల గ్యాలన్లు దాటింది.

కంపెనీ చెప్పిన మూడు గ్యాలన్లకు ఇది మూడు వందల రెట్లు. ఉపగ్రహ చిత్రాల మీద ఆధారపడ్డ 250 బ్యారెళ్లకు పదో వంతు. అడుగుకు దిగి కొలిచినవాళ్ల 9 నుంచి 108 మధ్య హాయిగా ఇమిడింది. గొడుగు కింద పడకుండా తప్పించుకునేది కొంత ఉంటుంది కాబట్టి 24ను కనీస సంఖ్యగానే రాసుకోవాలి.

2021 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. కంపెనీ 4 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా చెల్లించడంతో పాటు, బావులు మూయడానికి కేటాయించిన నిధిలో మిగిలిన 43 కోట్ల 20 లక్షల డాలర్లను ప్రభుత్వానికి అప్పగించాలి. రోజుకు మూడు గ్యాలన్లన్న మాట నిలబడి ఉంటే ఆ నిధిని వెనక్కి ఇచ్చేయమనే వాదనకు బలం వచ్చేది. సంఖ్య తప్పితే బావి మూతే తప్పిపోతుంది. అందుకే ఈ లెక్కల మీద నాకింత పట్టుదల.

పెద్ద ప్రమాదంలోనూ ఇదే వరస

డీప్‌వాటర్ హొరైజన్ గురించి క్లుప్తంగా. 2010 ఏప్రిల్ 20న పేలుడు. మొదట రోజుకు వెయ్యి బ్యారెళ్లన్నారు, వారం తిరగకముందే ఐదు వేలన్నారు, చాలా రోజులు అక్కడే ఆగారు. మే నెలలో పర్డ్యూ యూనివర్సిటీకి చెందిన స్టీవ్ వెరెలీ, విరిగిన గొట్టం మూతి దగ్గరి వీడియోలో సుడుల కదలికను ఫ్రేము ఫ్రేముకూ కొలిచి 70 వేల దాకా ఉంటుందన్నారు. పద్ధతి సులువే. గొట్టం లోపలి వ్యాసం దాదాపు 50 సెంటీమీటర్లు, మూతి వైశాల్యం 0.19 చదరపు మీటర్లు. ధార వేగం సెకనుకు 70 సెంటీమీటర్లు అనుకుంటే రోజుకు 70 వేల బ్యారెళ్లు దాటుతుంది. అందులో సగానికి పైగా వాయువే అనుకుని తీసేసినా ముప్పై వేల దగ్గర ఆగుతుంది. ఐదు వేలకు ఎలా దిగాలి?

తర్వాత గొట్టంలోకి ఇంకో గొట్టం దూర్చి చమురు తోడడం మొదలుపెట్టారు. రోజుకు ఐదు వేల బ్యారెళ్లు తోడుతున్నామని బీపీ చెప్పిన రోజున కూడా పక్క నుంచి ధార అలాగే పోతుండడం ప్రత్యక్ష ప్రసారంలో జనం చూశారు. ఆ రోజుతో ఐదు వేల మాట చెల్లలేదు. జులై 15న మూత బిగించాక లోపలి ఒత్తిడి కొలిచి, అన్ని పద్ధతులూ కలిపి ప్రభుత్వ బృందం తేల్చింది: మొదట్లో రోజుకు 62 వేలు, చివర్లో 53 వేలు, మొత్తం 49 లక్షల బ్యారెళ్లు, పది శాతం అటూ ఇటూ. 2015 జనవరిలో కోర్టు మాత్రం 31 లక్షల 90 వేల బ్యారెళ్లు సముద్రంలో కలిసినట్టు నిర్ణయించింది. సముద్రంలో కలవకముందే పట్టినదాన్ని తీసేసి ప్రభుత్వం 42 లక్షలన్నది, బీపీ 24 లక్షల 50 వేలన్నది. జరిమానా బ్యారెల్ లెక్కన పడుతుంది కాబట్టి ప్రతి లక్షకూ వాదన నడిచింది. ప్రవాహం గురించి అమెరికా కాంగ్రెస్‌కు తప్పు చెప్పినందుకు కూడా బీపీ 2012లో నేరం ఒప్పుకుంది.

మా దగ్గర ఇప్పుడు ఎలా రాస్తున్నాం

కాకినాడ ఎదుట కృష్ణా-గోదావరి బేసిన్‌లో రవ్వ అనే చమురు క్షేత్రం ఉంది, కేజీ-డీ6 అనే గ్యాస్ క్షేత్రం ఉంది. మన దగ్గర చదివిన పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. తెట్టు ఎటు కొట్టుకుపోతుందో కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ముందుగా లెక్కగట్టి చెబుతుంది. ఆ లెక్కకు ఎంత చమురు కారిందన్న సంఖ్య మనం ఇవ్వాలి.

అందుకే నేను రాసే ఏ నివేదికలోనూ సంఖ్య ఒంటరిగా ఉండదు. విస్తీర్ణం, రంగుల వారీగా ఎంత మేర, తెట్టు వయసు ఎలా తెలిసింది, ఆ గంటలో గాలి వేగం, నీటి కిందే కలిసిపోయి పైకి రానిదాన్ని లెక్కలోకి తీసుకున్నానా లేదా, ఇవన్నీ రాస్తాను. కింది హద్దు, పై హద్దు రెండూ ఇస్తాను. మధ్యలోది ఇవ్వమని అడిగితే ఇవ్వను. మధ్యది ఇచ్చిన మరుక్షణం హద్దులు రెండూ జనం మర్చిపోతారు.

తీరంలో ఎత్తిన ముద్ద బరువును కూడా చమురు బరువుగా రాయనివ్వను. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర కామరాజర్ పోర్టు ఎదుట రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు, మొదట్లో కారింది చాలా తక్కువని చెప్పారు. తర్వాత వాలంటీర్లు బకెట్లతో ఎత్తిన ముద్ద వంద టన్నులు దాటింది. ఆ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. సముద్రపు నీరు చేరి చిక్కబడిన చమురులో డెబ్బై ఎనభై శాతం నీరే ఉండవచ్చు, ఇసుక అదనం. ఒక గాజు సీసాలో నమూనా తీసి, వేడి నీళ్లలో నిలబెట్టి, నీరూ ఇసుకా దిగనిచ్చి, పైన ఎంత మందం చమురు తేలిందో స్కేలుతో కొలవాలి. పూర్తిగా విడిపోకపోతే ల్యాబుకు పంపాలి. ఒకే చోట తీసిన నమూనా చాలదు. నల్లగా మెరిసే ముద్దలో నీరు తక్కువ ఉంటుంది, గోధుమ రంగుకు తిరిగినదాంట్లో ఎక్కువ ఉంటుంది. రెండింటివీ విడిగా తీసి, ఏ సీసా ఎక్కడిదో మీద రాసుకోవాలి.